క్యాసెట్టు చుట్టిన కాగితం

ఇది ఇన్నేళ్ళూ ఎందుకు రాయలేదంటే, మొదటి కారణం నాకు రాయడం రాదు. అక్షరాలు పట్టుబడేసరికి నాకు యాభై రెండేళ్ళు. మనవరాలు బడి నుంచి వచ్చి ఆ రోజు చెప్పిన పాఠమే నాకు మళ్ళీ చెప్పేది. గుణింతాలు తొందరగానే వచ్చాయి. ఒత్తులు కుదరడానికి మాత్రం రెండేళ్ళు పట్టింది. రెండో కారణం మా ఆయన. ఆయన బతికి ఉన్నంతకాలం ఈ సంగతి ఎత్తితే అన్నం ముందు నుంచి లేచిపోయేవారు. ఆయన పోయి మూడేళ్ళయింది. ఈ సంగతిలో నాతో సమానంగా భాగం ఉన్న మనిషి ఒకామె ఆత్మకూరులో ఉంది. పోయిన నెల వెళ్ళి ఆమెను అడిగాను, రాయనా అని. "రాసుకో అక్కా. నీ తప్పు తక్కువ చేసి మాత్రం రాయబాక" అంది. అట్లాగే రాస్తున్నాను.

మా ఆయన లారీ డ్రైవరు. ఉదయగిరి నుంచి ఆత్మకూరు, మర్రిపాడు మీదుగా బద్వేలు దాకా తోలేవారు. 1976లో ఇరాన్ వెళ్ళారు. అక్కడ ఓడరేవుల్లో సరుకు గుట్టలుగా పడి ఉందని, తోలడానికి మనుషులు చాలడం లేదని బొంబాయి ఏజెంటు ఒకడు వచ్చి, మా వైపు నుంచి కొందరు డ్రైవర్లను, మెకానిక్కులను తీసుకెళ్ళాడు. నేను ఇంట్లో అత్తతో, కూతురితో ఉండి చెక్క గరిటెలు చేసేదాన్ని. ఉదయగిరిలో మా ముస్లిముల ఇళ్ళలో అది ఆడవాళ్ళ పని. కొండ నుంచి తెచ్చిన నర్ది కర్రను ఉలితో చెక్కి, ఆకురాయితో నున్నగా రుద్దాలి. మేం ఇంట్లో ఉర్దూ మాట్లాడతాం, వీధిలో తెలుగు. నాకు రాయడం వచ్చింది తెలుగే కాబట్టి అన్ని మాటలూ తెలుగులోనే పెడుతున్నాను.

ఆయన నాలుగో తరగతి దాకా చదివారు. మొదటి ఏడాది ఉత్తరాలు వచ్చేవి. పోస్టుమ్యానే చదివి పెట్టేవాడు, వాకిట్లో నిలబడి, వీధికంతా వినపడేలాగా. "ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను" అని మొదలై, అమ్మకు సలాములు, అమ్మాయికి దీవెనలు అని అయిపోయేది. ఎదురింటి ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అయిపోయిందా? ఆ యమ్మికేమీ రాయలేదా? కవర్లో అడుగున చూడు అబ్బయా, మల్లెపూలేమన్నా ఉండాయేమో" అనేది. జవాబు చెప్పేటప్పుడు నేనూ అంతే. నలుగురి ముందు మొగుడికి ఏం చెప్పగలను? అందరం క్షేమం అని రాయించేదాన్ని.

1977లో సెలవుకు వచ్చినప్పుడు ఆయన ఒక టేప్‌రికార్డరు తెచ్చారు. రెండు మీటలు కలిపి నొక్కితే మన మాట అందులో పడుతుంది. ఆ రోజుతో ఉత్తరాలు ఆగిపోయాయి. ఆయన అక్కడ మాట్లాడి, సెలవుకు వచ్చేవాళ్ళ చేత పంపేవారు. నేను ఇక్కడ మాట్లాడి, తిరిగి వెళ్ళేవాళ్ళ చేత పంపేదాన్ని. మధ్యలో చదివేవాళ్ళు లేరు, రాసేవాళ్ళు లేరు. మధ్యాహ్నం అత్త కునుకు తీసినప్పుడు గది తలుపు వేసుకుని మాట్లాడేదాన్ని. చేతిలో పని ఆపేదాన్ని కాదు. అందుకని ఆ క్యాసెట్లలో నా మాటల వెనక ఆకురాయి రుద్దే చప్పుడు ఉండేది. ఆ చప్పుడు వింటే ఇంట్లో కూర్చున్నట్టే ఉంటుందని ఆయన ఒకసారి అన్నారు.

1978లో, వానాకాలం ఆఖర్లో, ఆత్మకూరు తమ్ముడు సెలవుకు వచ్చాడు. సొంత తమ్ముడు కాదు. మా ఆయన ఉండే క్యాంపులో మెకానిక్కు. వాళ్ళు హిందువులు, ఆత్మకూరు బస్టాండు వెనక వీధిలో ఇల్లు. ఆయన్ను అన్నా అనేవాడు, నన్ను వదినా అనేవాడు. మా ఇంటికి వచ్చి, కాగితంలో చుట్టి దారం కట్టిన క్యాసెట్టు నా చేతిలో పెట్టాడు.

"కాగితం కూడా ఉండాది వదినా, పోగొట్టబాక. అన్న చెప్పమన్నాడు" అన్నాడు.

క్యాసెట్ల చుట్టూ ఎప్పుడూ ఏదో ఒక కాగితం ఉండేది. దారిలో పగలకుండా కంపెనీ కాగితాల్లో చుట్టేవారు. ఒకసారి అలాంటిది చదివిస్తే, క్యాంటీన్లో పళ్ళాలు ఎవరివి వాళ్ళే కడుక్కోవాలని ఉంది. ఎదురింటి ఆవిడ ఆరు నెలలు నవ్వింది. అందుకని ఇదీ అలాంటిదే అనుకున్నాను. మందంగా, తెల్లగా, మంచి కాగితం. ఒక వైపంతా ఇంగ్లీషు అచ్చు. మూడో తరగతి చదివే మా అమ్మాయి లెక్కల పుస్తకానికి అట్ట లేదని అప్పటికి వారం నుంచి ఏడుస్తోంది. అచ్చు పైకి వచ్చేలా అట్ట వేశాను, ఇంగ్లీషు కాగితం అందంగా ఉంటుందని. పైన చీటీ అంటించి పక్కింటి పిల్లవాడి చేత అమ్మాయి పేరు రాయించాను. పోగొట్టవద్దన్నాడు కదా, పోగొట్టలేదు కూడా.

క్యాసెట్టులో ఆయన మామూలుగానే మాట్లాడారు. ఎండలు, రోడ్లు, పక్క మంచం వాడి గురక. చివర్లో మాత్రం, ఈసారి పీర్ల పండగకు కూడా రాలేను, పోయినేడు మన చావిడి దగ్గర నువ్వు పట్టిన పాటలు ఉన్నాయి కదా, అవి పంపు అన్నారు.

ఆత్మకూరు తమ్ముడి మాటల్లోనే మాకు తెలిసింది, ఆ దేశంలో సైన్యం పాలన పెట్టారని, పట్టణాల్లో కర్ఫ్యూ అని. తాను బయలుదేరిన వారంలోనే మొదలైందట.

"ఏంది దానికంత?" అంది మా అత్త. "ఈడా పెట్టినారు గదా ఎమర్జెన్సీ. రెండేండ్లు ఉండె. ఏమైంది? బస్సులు టయానికి వచ్చె. అప్పటికి బతికున్న మీ మామ మాత్రం ఆపరేషనుకు పట్టకపోతారని కొండెక్కి కూర్చున్నాడు. అరవై ఏండ్ల ముసిలోణ్ణి ఎవురు పట్టకపోతారయ్యా, దిగిరా అంటే వినకపాయె."

తమ్ముడు పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. ఎమర్జెన్సీ అంటే మాకు తెలిసింది అదే. అక్కడిది కూడా ఇలాంటిదే అనుకున్నాను. జీపులో ఎవరో వస్తారు, జనం కొన్నాళ్ళు దాక్కుంటారు, తర్వాత దిగి వస్తారు.

అతని సెలవు అయిపోయే ముందు నేను క్యాసెట్టు తయారు చేశాను. ఒక వైపు నా మాటలు. రెండో వైపు ఆయన అడిగిన పీర్ల పాటలు. మా వైపు పీర్ల పండగంటే అందరిదీ. నిప్పుల గుండం చుట్టూ హిందువులూ తిరుగుతూ అలయ్ ఆడతారు, డప్పులు మోగుతాయి. మా పెద్దవాళ్ళు మాత్రం ఒక పక్కన కూర్చుని గుండెల మీద కొట్టుకుంటూ శోకం పాడతారు. హుసేన్ సాహెబును తలుచుకుని ఏడ్చే పాటలు అవి. అన్నీ అందులో ఉన్నాయి. డప్పులు, ఏడుపులు, హుసేన్ హుసేన్ అని వందల గొంతులు. తమ్ముడు వచ్చి తీసుకున్నాడు. నేను చేసిన రెండు గరిటెలు కూడా ఇచ్చాను. "ఇంత దూరం గరిటెలు మోసకపోవాల్నా వదినా? ఆడ మాకు వండేది గడ్డపోడు, వాడు ఇనప గంటెలతో కొట్టి వండుతాడు" అన్నాడు. నవ్వుకుంటూ బస్సెక్కాడు.

అతను నెల్లూరు వెళ్ళి రైలెక్కిన రెండో రోజు సాయంత్రం బడి వదిలాక, మా అమ్మాయి వాళ్ళ టీచరమ్మ మా ఇంటికి వచ్చింది. నెల్లూరావిడ, మా వీధి చివర అద్దెకు ఉండేది. చేతిలో మా అమ్మాయి లెక్కల పుస్తకం ఉంది. పిల్ల ఏదో తప్పు చేసిందనుకుని లేచి నిలబడ్డాను.

"ఈ అట్ట ఎక్కడిదమ్మా?" అంది.

"మా ఇంటాయన పంపినాడు టీచరమ్మా. క్యాసెట్టు చుట్టి వచ్చింది."

"ఎవరి చేతన్నా చదివించావా?"

లేదన్నాను. ఆవిడ నా వంక చూసి, మా వాకిట్లో పీట మీద కూర్చుంది. "లెక్కలు దిద్దుతా ఉంటే కంట్లో పడింది. ఇది మన ఎంబసీ వాళ్ళు అక్కడున్న మనవాళ్ళకిచ్చిన కాగితం. కూర్చో, చెప్తాను" అని ఒక్కో ముక్క తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది.

రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారి అయిదు దాకా బయట కాలు పెట్టకూడదు. పాస్‌పోర్టు, పని కాగితం ఎప్పుడూ ఒంటి మీదే ఉంచుకోవాలి. సైనికులు ఆపితే పరుగెత్తకూడదు, జేబులో చెయ్యి పెట్టకూడదు, చేతులు కనపడేలా నిలబడాలి. ఇద్దరికి మించి వీధిలో కలిసి నిలబడకూడదు. ఎక్కడన్నా గోల జరుగుతుంటే చూడ్డానికి ఆగకూడదు. రోడ్డు మీద కోడిపందెం జరుగుతున్నా లారీ ఆపి చూసే మనిషి ఆయన. వారానికి సరిపడా తిండీ నీళ్ళూ గదిలో పెట్టుకోవాలి. ఆ దేశపు రాజు గురించి, మత పెద్దల గురించి ఎవరితోనూ, సొంత భాషలో కూడా, మాట్లాడకూడదు. ఎంబసీలో పేరు రాయించుకోని వాళ్ళు వెంటనే రాయించుకోవాలి.

"ఇక్కడ ఎవరో పెన్నుతో గీత గీశారు" అంది టీచరమ్మ. గీత సగం, అమ్మాయి పేరు రాసిన చీటీ కిందికి పోయింది. ఆవిడ నీళ్ళడిగి, వేలితో తడిపి, చీటీని మెల్లగా ఊడదీసింది. చదివింది. మళ్ళీ చదువుకుంది.

"ఉపన్యాసాలు గానీ, మత సంబంధమైన మాటలు, పాటలు గానీ ఉన్న క్యాసెట్లు దగ్గర ఉంచుకోవద్దు, ఆ దేశంలోకి తేవద్దు. ఇతరులిచ్చిన క్యాసెట్లు, పొట్లాలు సామానులో పెట్టుకోవద్దు. ఈ సంగతి స్వదేశంలో ఉన్న మీ కుటుంబాలకు తెలియజేయండి. అంతేనమ్మా, ఇంకేం లేదు."

క్యాసెట్ల మీద వాళ్ళకెందుకంత కోపమో ఆ రోజు ఆవిడకూ తెలియదు. తర్వాత తెలిసింది. దేశం బయట ఉన్న వాళ్ళ మత పెద్ద ఒకాయన, రాజుకు ఎదురు తిరగమని చెప్పిన మాటలు క్యాసెట్ల మీదే లోపలికి వచ్చేవట. పైగా మా పీర్ల పండగ నెలే అక్కడ జనం నల్లబట్టలు కట్టుకుని వీధుల్లోకి వచ్చే నెల. హుసేన్ అనే కేక మా చావిడి దగ్గర ఏడుపు. అక్కడ ఆ ఏడాది అది యుద్ధం కేక.

"ఏమైందమ్మా, ఎందుకట్లా చూస్తున్నావు?" అంది టీచరమ్మ.

"మొన్ననే పంపిస్తి" అన్నాను.

ఆయన గదిలో కూర్చుని మాట్లాడిన క్యాసెట్టులో ఈ సంగతి ఎందుకు చెప్పలేదని చాలా రోజులు మథనపడ్డాను. క్యాసెట్టు నింపిన మూడు రోజులకు కాగితం చేతికి వచ్చిందట. మళ్ళీ మాట్లాడే టైము లేక, చదువుకున్న స్నేహితుడి చేత గీత గీయించి, దాన్నే చుట్టి పంపారు. చదివిస్తానని ఆయన నమ్మకం. మధ్యలో మనిషి లేకపోవడమే నాకు సుఖంగా ఉండింది అప్పటికి.

బొంబాయిలో ఏజెంటు లాడ్జిలో నాలుగైదు రోజులు ఉంటేగానీ విమానం టిక్కెట్టు దొరకదని తమ్ముడే చెప్పాడు. అంటే ఇంకా బొంబాయిలోనే ఉండాలి. తంతి, అదే టెలిగ్రాం, కొట్టిస్తే అందుతుంది. లాడ్జి అడ్రసు వాళ్ళావిడ దగ్గర ఉంటుంది. మర్నాడు తెల్లవారగానే ఆత్మకూరు బస్సెక్కాను.

ఆమెను నేను చూడడం అదే మొదటిసారి. మర్రిపాడు పక్క పల్లెలో గొర్రెలు కాసుకునే వాళ్ళ ఇంటి పిల్ల. ఒక గది, ముందు చిన్న వాకిలి, అందులో రెండు మేకలు. చంకలో ఏడాది పిల్ల. నేనెవరో చెప్పగానే, "రా అక్కా, రా. నీ గొంతు సంగతి మా ఆయన ఈడ కూడా చెప్పినాడు. గరగర రుద్దుతా మాట్లాడతావంట గదా" అని నవ్వింది. టీ పెట్టింది. ఐదు దాకా చదువుకున్నానని, అడ్రసు తానే రాసిస్తానని కాగితం తీసింది.

"ఇంతకీ తంతి దేనికక్కా?"

అప్పుడు చెప్పాల్సింది. నోటి దాకా వచ్చింది కూడా. ఆమె చేతిలో పెన్సిలు, ఒళ్ళో పిల్ల. "క్యాసెట్టులో ఒక మాట పొరపాటున పడింది. మా ఆయన వింటే బాగుండదు. తీసకపోవద్దని చెప్పాల" అన్నాను.

"అబ్బో!" అంది ఆమె, కళ్ళు పెద్దవి చేసి. "మొగుడికి ఏం చెప్పినావక్కా అంత గుట్టు? మా ఆయన దారిలో వింటాడులే, అడిగి చెప్తా నీకు."

ఇద్దరం నవ్వాం. ఆ నవ్వు నా నోట్లో ఎట్లా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు.

పోస్టాఫీసులో తంతి కిటికీ దగ్గరికి వెళ్ళగానే వరసలో ఉన్నవాళ్ళు జరిగి దారి ఇచ్చారు. అప్పట్లో ఆడమనిషి ఒంటరిగా తంతి కొట్టించడానికి వచ్చిందంటే చావు కబురే. ఒక ముసలాయన, "పోయింది ఎవురమ్మా?" అని అడిగాడు. ఎవరూ పోలేదన్నాను. గుమాస్తా కళ్ళద్దాలు పైకి తోసి, ఏం రాయాలన్నాడు.

"క్యాసెట్టు తీసకపోబాక, బొంబాయిలోనే వదిలెయ్ అని రాయండి సామీ."

"దీనికి తంతా? కార్డు ముక్క చాలదా?"

"చాలదు."

"ఏం క్యాసెట్టు? సినిమా పాటలా?"

పాటలే అన్నాను. వరసలో ఎవరో, ఉదయగిరి వాళ్ళకు ఇరాన్ డబ్బులు ముదిరినాయిరా, పాటలకు కూడా తంతులే అన్నారు. గుమాస్తా టకటకమని కొట్టాడు. అందుతుందా అని అడిగితే, "బొంబాయి దాకా పోతుంది. ఆ పైన మనిషుంటే తీసుకుంటాడు" అన్నాడు.

మనిషి లేడు. అది మూడు వారాల తర్వాత తెలిసింది. ఆ రోజుల్లో ఇరాన్ నుంచి వచ్చే విమానాలు కిక్కిరిసి వస్తూ, పోయేవి ఖాళీగా పోతున్నాయట. టిక్కెట్టు అడిగిన రోజే దొరికింది. నేను ఆత్మకూరు పోస్టాఫీసులో నిలబడిన సమయానికి అతను విమానంలో ఉన్నాడు.

ఆ మూడు వారాలు ఎట్లా గడిచాయో పెద్దగా రాయడానికి లేదు. గరిటెలు చెక్కాను. ఉలి జారి ఎడమ బొటనవేలు కోసుకున్నాను. బస్టాండు దగ్గర టీ అంగడిలో రేడియో ఉర్దూ వార్తలు వచ్చే సమయానికి, పాలు తెస్తానని చెంబు పట్టుకుని వెళ్ళి పక్కన నిలబడేదాన్ని. కాల్పులు అని విన్నప్పుడల్లా పట్నం పేరు కోసం చెవి పెట్టేదాన్ని. ఆయన గురించి భయపడ్డాను, నిజమే. కానీ నిద్రలేవగానే ముందు గుర్తొచ్చేది ఆయన కాదు, ఆత్మకూరు తమ్ముడు బస్సు కిటికీలోంచి గరిటె ఊపడం.

చంద్రుణ్ణి చూసి మా చావిడి ముందు గుండం తవ్వడం మొదలుపెట్టిన రోజున కవరు వచ్చింది. బొంబాయి ముద్ర. అక్కడి నుంచి తిరిగి వచ్చిన ఎవరో ఆయన ఉత్తరాన్ని బొంబాయిలో పోస్టు చేశారు. పోస్టుమ్యాన్ చింపబోతే చేతిలోంచి లాక్కున్నాను. టీచరమ్మ ఇంటికి వెళ్ళాను. అత్త నా వెనకే వచ్చింది.

ఆయన సొంత రాత. టీచరమ్మ తలుపు వేసి, గొంతు తగ్గించి చదివింది. తమ్ముడిని విమానం దిగిన చోటే ఆపేశారు. సంచి కుమ్మరించి, క్యాసెట్టు మిషన్లో పెట్టి విన్నారు. మొదటి వైపు వాళ్ళకు అర్థం కాలేదు. రెండో వైపు అర్థమయింది. పద్దెనిమిది రోజుల నుంచి లోపలే ఉన్నాడు. కంపెనీ ఇంజనీరు ఒకసారి వెళ్ళి చూసి వచ్చాడు, ఒక చెవి వాచి ఉందట. క్యాసెట్టు ఎవరిదంటే మా ఊరి వదినది అన్నాడట. ఎవరికోసమంటే తన కోసమే, తానే వింటానన్నాడట. "నా పేరు చెప్పలేదు. అందుకే నేను క్యాంపులో అన్నం తింటున్నాను" అని ఉంది. ఆ పక్కన ఇంకు చెరిగింది. చివర్లో గట్టిగా రాశారు, వాళ్ళింట్లో చెప్పొద్దని. తెలిస్తే అర్జీలు పెడతారు, అర్జీలో క్యాసెట్టు ఎవరిదో అడుగుతారు, అప్పుడు ఆయన పేరు బయటికి వస్తుంది. నాలుగు రోజులాగితే వాళ్ళే వదులుతారని అందరూ అంటున్నారు.

చదివేవాళ్ళను కూడా నాలాగా కూర్చోబెట్టడం నాకిష్టం లేదు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. అతను బతికి వచ్చాడు. మా ఆయన కూడా వచ్చారు. ఆ దేశంలో రాజు పోయి అంతా తలకిందులయ్యాక, మనవాళ్ళందరితో పాటు ఇద్దరూ ఒకే ఓడలో వచ్చారు. ఎవరి వల్ల బయటపడ్డాడో, ఏ కాగితం పనిచేసిందో, అసలు ఏదైనా పనిచేసిందో లేదో మాకెవరూ చెప్పలేదు. ఎడమ చెవి వినపడకుండా పోయింది. చేజర్ల రోడ్డులో అంగడి పెట్టుకుని, ఇంజను చప్పుడు కుడి చెవితో వింటూ పాతికేళ్ళు మెకానిక్కు పని చేశాడు. కానీ ఆ సాయంత్రం ఇవేవీ నాకు తెలియవు.

టీచరమ్మ ఉత్తరం మడిచి నా చేతికిచ్చింది. ఇంటికి వచ్చే దారిలో అత్తే మొదలుపెట్టింది.

"చెప్పొద్దన్నాడు గదా వాడు."

"ఊ" అన్నాను.

"ఊ అంటే చాలదు. నీ మొహం చూస్తా ఉంటే నాకు తెలస్తా ఉండాది. ఆ పిల్లోడు లోపల ఉండాడు, అల్లా చల్లగా చూస్తాడు, వస్తాడు. నువ్వు పోయి నోరు తెరిస్తే నా కొడుకును కూడా తోస్తారు లోపలికి. అప్పుడు ఇద్దురు ఉంటారు. ఒకడు లోపల ఉండేది మేలా, ఇద్దురు ఉండేది మేలా?"

"ఆ ఒకడు మీ కొడుకైతే ఏం అంటారత్తా?"

అత్త రోడ్డు మీదే ఆగిపోయింది. నేనెన్నడూ ఆవిడకు ఎదురు చెప్పలేదు. "కాదు గదా" అంది చివరికి. "కాదు గాబట్టే చెప్తా ఉండా."

ఆవిడను నేను తప్పు పట్టలేదు. ఇప్పుడూ పట్టను. అదే లెక్క నేనూ వేసుకుంటున్నాను, పైకి అనకుండా. ఆత్మకూరులో ఒకామె, తన మొగుడు క్షేమంగా క్యాంపులో ఉన్నాడనుకుని, నా గుట్టు ఏమిటో రాయమని అడుగుతూ అతనికి కార్డు రాసి ఉంటుంది. ఆ కార్డు ఎవరి చేతుల్లో ఉంటుందో!

మర్నాడు పొద్దున మొదటి బస్సుకే బయలుదేరాను. అత్త గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోవడం లేదని ఇద్దరికీ తెలుసు. అమ్మాయికి జడ వేయమని చెప్పాను.

నేను వెళ్ళేసరికి ఆత్మకూరు చెల్లెలు మేక పాలు పితుకుతోంది. "అక్కా! ఉత్తరం వచ్చిందా?" అని లేవబోయింది. కూర్చోమని, నేను కూడా నేల మీద కూర్చున్నాను. మొత్తం చెప్పాను. అట్ట వేసిన కాగితం దగ్గర నుంచి, తంతి రోజు నేనాడిన అబద్ధంతో సహా, చెవి వాచిన సంగతితో సహా. ఆమె పాల చెంబు కింద పెట్టలేదు, పట్టుకునే వింది. మేక తాడు లాక్కుని మూల దాకా పోయింది.

"ఆ రోజు నవ్వినావు గదా" అంది.

"నవ్వినా."

"నా ఇంట్లో టీ తాగి నవ్వినావు."

కొడుతుందేమో అనుకున్నాను, కొట్టినా బాగుండుననిపించింది. ఆమె లేచి, పిల్లను పక్కింట్లో ఇచ్చి, చీర మార్చుకుని వచ్చి, "పద" అంది. ఎక్కడికి అని అడగలేదు.

తాలూకా ఆఫీసు ముందు అర్జీలు రాసే ఆయన అప్పుడే బల్ల తుడుచుకుంటున్నాడు. ఆమె సంగతి చెప్పింది. ఏడవలేదు. ఆయన రెండు కాగితాల మధ్య కార్బను పెట్టి రాస్తూ పోయి, ఒక చోట ఆగాడు.

"ఈ క్యాసెట్టు ఎవరు పంపినారని రాయమంటావమ్మా? గుర్తు తెలియని వాళ్ళు ఇచ్చినారని రాస్తే మంచిది. అందరికీ మంచిది."

ఆమె నా వైపు చూడలేదు. ఆఫీసు గేటు వైపు చూస్తూ నిలబడింది. చెప్పమనలేదు, వద్దనలేదు.

"నేను పంపినా" అన్నాను. "మా పీర్ల పండగ పాటలు. రాజుకూ వాటికీ సంబంధం లేదని రాయండి. మా ఇంటాయన అడిగితే ఆయన కోసం పంపినా, మోసిన మనిషికి లోపల ఏముండాదో తెలవదు."

"మీ ఆయన కూడా ఆడనే ఉండాడా?"

"ఉండాడు."

"అయితే పేరు రాయాల గదమ్మా. రాస్తే ఏమవుద్దో తెలుసు గదా?"

తెలుసన్నాను. మా ఆయన పేరు, వాళ్ళ నాయన పేరు, పాస్‌పోర్టులో ఉన్నట్టుగా ఇంటిపేరుతో సహా చెప్పాను. బల్ల దగ్గరాయన రాసి, మొత్తం చదివి వినిపించాడు. నా మాటలు ఉన్న చోటు మళ్ళీ చదవమన్నాను. మళ్ళీ చదివాడు. ఆమె సంతకం చేసింది. నేను కోసుకున్న వేలి గుడ్డ విప్పి, ఎడమ బొటనవేలు నొక్కాను. గాయం గీత అడ్డంగా పడింది. పనికిరాదేమో, ఇంకోటి వేయమంటారా అన్నాను. చాలన్నాడు.

లోపల గుమాస్తా చేత ముద్ర వేయించుకుని నకలు ఆమె చేతికిచ్చాను. ఆమె దాన్ని మడిచి రవికలో పెట్టుకుని, నాతో మాట్లాడకుండానే బస్టాండు దాకా నడిచింది. పదకొండింటి ఉదయగిరి బస్సు కదిలే దాకా నిలబడింది.